వంద వేరు, నూట వేరు: ఫోన్‌లో స్పానిష్ అంకెలు పలికించిన కథ

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం ఉదయం సాఫ్ట్‌వేర్ మిత్రుల మధ్య చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారమండీ. వెనక వాళ్లకి వినబడుతోందా? సరే.

ముందు మీకో చిన్న పరీక్ష. బ్యాంకుకి ఫోన్ చేశారనుకోండి. అవతల మిషన్ ఇలా అంది: “మీ ఖాతాలో రెండు వేలు మూడు వందలు నలభై ఒకటి రూపాయలు ఉన్నాయి.” అర్థమైందా? అయింది. లెక్క తప్పా? కాదు. కానీ ముందు వరసలో ఒకరు అప్పుడే మొహం చిట్లించారు, చూశాను. (నవ్వులు) “రెండు వేల మూడు వందల నలభై ఒక్క రూపాయలు” అనాలి. వేలు కాదు వేల, వందలు కాదు వందల, ఒకటి కాదు ఒక్క. ఈ సూత్రం మనకి ఏ బళ్లోనూ ఎవరూ చెప్పలేదు. అయినా మూడేళ్ల పిల్ల కూడా “ఒకటి లడ్డూ” అనదు, “ఒక లడ్డూ” అనే అడుగుతుంది.

ఇంత మంచి చెవి ఉన్నవాళ్లమే, స్పానిష్ పని చేతికి వచ్చేసరికి ఆ చెవిని చెప్పులతో పాటు ఆఫీసు గుమ్మం బయట వదిలేసి లోపలికి వెళ్లాం. ఇవాళ చెప్పేది ఆ సంగతే.

పదిహేనేళ్ల పైమాట. మాదాపూర్‌లో చిన్న ఆఫీసు, మేం నలుగురం. మెక్సికోలో చిల్లర అప్పులిచ్చే ఒక సంస్థ, పేరు వద్దు లెండి, వాళ్లకి ఫోన్ లైన్ చేసిపెట్టాలి. ఖాతాదారు ఫోన్ చేస్తాడు, ఖాతా నంబరు నొక్కుతాడు, ఇంకా ఎంత బాకీ ఉందో, వాయిదా ఏ తారీఖునో మిషన్ చెబుతుంది. అప్పటికే మా దగ్గర ఇంగ్లీషులో పనిచేసే కోడ్ ఉంది. “ఆడియో ఫైళ్లు మార్చేస్తే స్పానిష్ అయిపోతుంది, నాలుగు రోజుల పని” అన్నాడు మా మేనేజరు. ఆయన్ని అనడమెందుకు, నేనూ అదే అన్నాను.

ఇంగ్లీషు కోడ్ ఎలా ఉండేదో చెబుతాను. సున్నా నుంచి ఇరవై దాకా ఒక్కో అంకెకి ఒక్కో ఫైలు. ముప్ఫై, నలభై ఇలా పదులకి తలా ఒకటి. “హండ్రెడ్”కి ఒకటి, “థౌజండ్”కి ఒకటి. మూడు వందలు అనాలంటే “త్రీ” ఫైలు, దాని వెనకే “హండ్రెడ్” ఫైలు. పూసలు గుచ్చినట్టు గుచ్చుకుంటూ పోవడమే. అక్కడ బాగానే నడిచింది. ఎందుకంటే ఇంగ్లీషు అంకె పక్కన ఎవరొచ్చి కూర్చున్నా వేషం మార్చదు. వన్ మెసేజ్, వన్ కాల్, వన్ థౌజండ్, ప్రెస్ వన్. అన్నిచోట్లా అదే వన్.

మెక్సికోలోని మాంటెర్రే నగరంలో ఒకావిడ స్పానిష్ ఫైళ్లు రికార్డు చేసి పంపింది. చక్కటి గొంతు. పాత ఫైళ్ల పేర్లే కొత్తవాటికి పెట్టి, ఫోల్డర్లో పడేసి, టెస్ట్ కాల్ చేయమన్నాం. అటువైపు వాళ్ల మేనేజరమ్మ ఫోన్ స్పీకర్లో పెట్టి వింటోంది. మా మిషన్ గొంతు సవరించుకుని “తియెనే ఉనో మెన్సాహె” అంది. అంటే “మీకు ఒకటి సందేశం ఉంది.” అటు గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత బాకీ చెప్పింది. 1,500 పెసోలు. “ఉనో మిల్ సింకో సియెన్ పెసోస్.” ఒకటి వెయ్యి, ఐదు వంద, పెసోలు. ఈసారి గదంతా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అసలు మాట “మిల్ కినియెంతోస్ పెసోస్”. అందులో ఉనో లేదు, సింకో లేదు, సియెన్ కూడా లేదు. మా మూడు ఫైళ్లూ దండగే.

ఇక్కడ కాస్త స్పానిష్ చెప్పుకోక తప్పదు. భయపడకండి, సగం మీకు తెలిసిందే.

ఒకటిని ఉత్తినే లెక్కపెడితే “ఉనో”. పక్కన పుంలింగ నామవాచకం వస్తే తోక తెగి “ఉన్” అవుతుంది: ఉన్ మెన్సాహె, ఒక సందేశం. స్త్రీలింగం వస్తే “ఉనా”: ఉనా యమాదా, ఒక కాల్. మన ఒకటి, ఒక లాగానే అన్నమాట. కాకపోతే వాళ్లకి ప్రతి వస్తువుకీ లింగం ఉంటుంది. నిమిషం మగ, గంట ఆడ. సందేశం మగ, కాల్ ఆడ. రోజు మగ, వారం ఆడ. ఎందుకని అడగొద్దు. వాళ్లనడిగినా చెప్పలేరు.

వంద అచ్చంగా వందే అయితే “సియెన్”. దాని మీద ఇంకేమన్నా ఉంటే “సియెంతో”. 100 సియెన్, 101 సియెంతో ఉనో. ఈ సంగతి మొదట తెలిసినప్పుడు స్పానిష్ ఎంత చిత్రమైన భాషో అని ఒక రోజంతా ఆశ్చర్యపోయాను. సాయంత్రం పెళ్లికి వెళ్లి చదివింపుల కవరు మీద “నూట పదహార్లు” అని రాస్తుంటే వెలిగింది. వంద, నూట! వంద రూపాయలు అంటాం, వంద పదహారు అనం. సియెన్ అంటే వంద, సియెంతో అంటే నూట. నా ఇంట్లో ఉన్న సూత్రానికే నేను మెక్సికో దాకా వెళ్లి ఆశ్చర్యపోయాను.

వెయ్యి సంగతీ అంతే. మనం “ఒక వెయ్యి” అని ప్రత్యేకంగా నొక్కి చెబితే తప్ప వెయ్యే అంటాం. వాళ్లూ ఉత్త “మిల్” అంటారు, ముందు ఉన్ పెట్టరు. రెండు వేలు “దోస్ మిల్”. మిల్‌కి బహువచనం చేయరు. పది లక్షల దగ్గరికి వెళ్లేసరికి మాత్రం “ఉన్ మియోన్”, ఉన్ తప్పనిసరి. రెండైతే “దోస్ మియోనెస్”, బహువచనం తప్పనిసరి. పక్కన నేరుగా వస్తువు వస్తే మధ్యలో “దె” కూడా పడాలి: ఉన్ మియోన్ దె పెసోస్. కానీ మియోన్ తర్వాత ఇంకో అంకె వస్తే దె ఎగిరిపోతుంది: ఉన్ మియోన్ దోసియెంతోస్ మిల్ పెసోస్.

ఇరవై నుంచి ముప్ఫై మధ్యవి ఒకే ముద్ద. 21 “బెయింతియునో”. రాతలో మొదటి అక్షరం వి, నోట్లో బ. ముప్ఫై దాటాక మధ్యలో “ఇ” వస్తుంది: త్రెయింతా ఇ ఉనో. వందల్లో ఐదు, ఏడు, తొమ్మిది పెంకివి: కినియెంతోస్, సెతెసియెంతోస్, నోబెసియెంతోస్. వాటిని ముక్కలుగా అతికించడానికి వీల్లేదు, విడిగా రికార్డు చేయాల్సిందే.

లింగం గొడవ అన్ని అంకెలకీ ఉండదు, అదో ఊరట. రెండు, మూడు, పది, యాభై, వీటికి లింగం పట్టదు. ఒకటితో ముగిసేవాటికి, 200 నుంచి 900 దాకా వందలకి మాత్రమే పడుతుంది. రెండు వందల సందేశాలు “దోసియెంతోస్ మెన్సాహెస్”. రెండు వందల కాల్స్ “దోసియెంతాస్ యమాదాస్”. ఒకటితో ముగియడం అన్నాను కదా, అక్కడే ఒక గొయ్యి ఉంది. మాలో ఒకతను పదితో భాగించి శేషం ఒకటా అని చూసి కోడ్ రాశాడు. అతన్ని నవ్వించడానికి చెప్పడం లేదు, ఆ కోడ్ చూసి సరేనన్నది నేనే. 11 మాట వరసకి కూడా ఒకటితో ముగియదు. అది “ఓన్సె”, దానికి మగా ఆడా లేవు. 111 కూడా అంతే. మా మిషన్ కొన్నాళ్లు పదకొండు నిమిషాలకి “దియెస్ ఇ ఉన్ మినూతోస్” అని చెప్పుకుంటూ తిరిగింది. “పదీ ఒక నిమిషాలు” అన్నట్టు.

నాకు అన్నిటికన్నా ముద్దొచ్చే అంకె ఒకటుంది. బోర్డు మీద రాస్తాను. 200200200. ఇరవై కోట్ల రెండు లక్షల రెండు వందలు. ఇంతమంది మనుషులు అనాలి. మనిషి, “పెర్సోనా”, స్త్రీలింగం. మగాణ్ని పట్టుకుని అన్నా స్త్రీలింగమే. ఇప్పుడు చూడండి: “దోసియెంతోస్ మియోనెస్ దోసియెంతాస్ మిల్ దోసియెంతాస్ పెర్సోనాస్.” ఒకే రెండు వందలు మూడుసార్లు వచ్చింది. మొదటిది మగ, మిగతా రెండూ ఆడ. ఎందుకూ? మియోన్ అనేది వాళ్లకి ఒక నామవాచకం, అదీ పుంలింగం. దాని ముందున్న రెండు వందలు దాని మాటే వింటుంది, ఎక్కడో చివరున్న మనుషులతో దానికి పనిలేదు. మిల్ అలా కాదు. కిటికీ లాంటిది, పెర్సోనాస్ లింగం దాని గుండా అవతలికి కనిపిస్తుంది. మియోన్ గోడ, మిల్ కిటికీ. ఈ రెండు ముక్కలు తెలిశాక నా కోడ్ సగానికి తగ్గింది.

ఇంకోటి, చిన్నది. 31031, పక్కన వస్తువేమీ లేకుండా. “త్రెయింతా ఇ ఉన్ మిల్ త్రెయింతా ఇ ఉనో.” మొదటి ముప్ఫై ఒకటికి మిల్ పక్కన ఉంది కాబట్టి తోక తెగింది. రెండోదానికి పక్కన ఎవరూ లేరు, తోక నిలిచింది.

రాత్రి తొమ్మిది గంటల ఇరవై ఒక్క నిమిషాలని ఇరవైనాలుగు గంటల లెక్కలో చెప్పమనండి. 21:21. గంట ఆడ, నిమిషం మగ. “బెయింతియునా ఓరాస్, బెయింతియున్ మినూతోస్.” అదే టైములో “ఇరవై ఒకటో నంబరు కౌంటరు దగ్గరికి వెళ్లండి” అనాల్సి వస్తే, పేరుగా వాడే అంకె కాబట్టి “బెయింతియునో”. అంకె ఒకటే, రూపాలు మూడు.

కాబట్టి అంకె పలికించే ఫంక్షన్‌కి అంకె ఒక్కటే ఇస్తే చాలదు. “ఏ అంకె, దేని కోసం” అని రెండూ చెప్పాలి. ఆ “దేని కోసం”లో మూడు వాటాలు: ఉత్త అంకె, మగ వస్తువు, ఆడ వస్తువు. మెనూలో “ఒకటి నొక్కండి”, ఖాతా నంబరు, గది నంబరు, ఎక్స్‌టెన్షన్, ఇవన్నీ ఉత్త అంకెలు. అక్కడ ఉనోనే. ఎక్స్‌టెన్షన్ అనే మాట స్త్రీలింగమైనా సరే, 201 ఎక్స్‌టెన్షన్ సాధారణంగా “దోసియెంతోస్ ఉనో”నే. అది రెండు వందల ఒక్క ఎక్స్‌టెన్షన్లు కాదు కదా, దాని పేరది.

డబ్బు దగ్గర మాకు అదృష్టం కలిసొచ్చింది. పెసో, డాలరు, యూరో, అన్నీ పుంలింగాలే. స్పెయిన్‌లో పాత నాణెం పెసెతా మాత్రం స్త్రీలింగం. 2002 జనవరి 1న యూరో నోట్లు వచ్చాక ఐదు వందలు అనడానికి “కినియెంతాస్” అనే అలవాటు “కినియెంతోస్”కి మారింది. దేశం దేశమంతా కొట్టు దగ్గర లింగం మార్చుకుంది. మన రూపాయి వాళ్ల నోట్లో “రుపియా”, స్త్రీలింగం. ఇక్కడి బ్యాంకులు ఏవైనా స్పానిష్ లైను పెడితే ఇరవై ఒక్క రూపాయలకి “బెయింతియునా రుపియాస్” అనాలి. రాసిపెట్టుకోండి, ఎప్పుడో పనికొస్తుంది. (నవ్వులు)

ఇదంతా మేం మొదట కనిపెట్టింది కాదు. ఆస్టరిస్క్ అని ఓపెన్ సోర్స్ ఫోన్ ఎక్స్చేంజి సాఫ్ట్‌వేర్ ఉంది, మీలో చాలామంది వాడే ఉంటారు. 1999లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు మొదలుపెట్టాడు. పెద్ద ఎక్స్చేంజి కొనడానికి డబ్బుల్లేక తనే రాసుకున్నాడు. దాని సోర్స్‌లో మాటలు పలికించే ఫైలు ఒకటుంది. విప్పి చూస్తే భాషల సంత. డేనిష్, పోలిష్, హీబ్రూ, గ్రీకు, థాయ్, ఒక్కోదానికి ఒక్కో ఫంక్షన్. స్పానిష్‌కీ విడిగా ఉంది. ముప్ఫై దాకా ముద్దగా పలకాలని, ఒకటికి మగ ఫైలు, ఆడ ఫైలు, ఉత్త ఫైలు విడివిడిగా ఉండాలని, సియెంతోకి వేరే ఫైలని, మియోన్‌కి ఏకవచనం బహువచనం వేరని, అన్నీ అందులో రాసిపెట్టారు. స్పానిష్ మాట్లాడేవాడు ఎవడో కూర్చుని రాశాడని చూడగానే తెలుస్తుంది. వాయిస్‌మెయిల్ భాగంలో కూడా స్పానిష్‌కి వాక్యం వరసే వేరు. ఇంగ్లీషులో మీకు, ఐదు, కొత్త, సందేశాలు. స్పానిష్‌లో మీకు, ఐదు, సందేశాలు, కొత్త. విశేషణం వెనక్కి వెళుతుంది. అందులో ఉర్దూ కూడా ఉంది. తెలుగు లేదు. ఈ మాట ఇక్కడికి వదిలేస్తున్నాను, తర్వాత అడుగుతారని తెలుసు.

ఇప్పటిదాకా వ్యాకరణం. అది కాగితం మీద తేలిపోయే వ్యవహారం. అసలు తిప్పలు చెవిలో ఉన్నాయి.

మాటలన్నీ సరిచేశాం, లైను మళ్లీ పెట్టాం. రెండు వారాలకి కొత్త ఫిర్యాదు. కొందరు ఖాతాదార్లు పది పెసోలు ఎక్కువో తక్కువో కడుతున్నారు. అంకెల్లో తప్పు లేదు, మిషన్ సరిగ్గానే చెప్పింది. రికార్డింగులు తెప్పించి హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. వాళ్ల అరవై “సెసెంతా”, డెబ్బై “సెతెంతా”. తేడా మధ్యలో ఒక్క హల్లు. స, త. మామూలు ఫోన్ లైను మూడు వందల నుంచి మూడు వేల నాలుగు వందల హెర్ట్జ్ మధ్య ఉన్న శబ్దాన్నే మోస్తుంది. సెకనుకి ఎనిమిది వేల శాంపిళ్లు, అంటే శబ్దం కొలతలు, అంతే. “స” అనే అక్షరం బుసలో చాలా భాగం ఆ గీతకి పైనే ఉంటుంది. ఫోన్ దాన్ని కత్తిరించేస్తుంది. మిగిలేది “సె… ఎంతా”. ఇక వినేవాడి అదృష్టం. బజార్లో బస్సుల మధ్య నిలబడి వింటే మరీను.

మనకీ ఈ జబ్బు ఉంది కదండీ. ఇరవై, అరవై. ఫోన్‌లో ధర అడిగితే “అరవై, ఆరు సున్నా” అని రెండోసారి చెబుతాం. మా నాన్న ధాన్యం కమిషన్ కొట్లో ఫోన్ పట్టుకుని రోజంతా ఇదే చెప్పేవారు. నేను చేసిందీ ఇదే. మొత్తం చెప్పాక అంకెల్ని విడివిడిగా మళ్లీ చదివించాం: “సెతెంతా, సియెతె, సెరో.” పెద్ద ఇంజనీరింగ్ ఏమీ లేదు, ధాన్యం కొట్టు ఇంజనీరింగే. మాంటెర్రే ఆవిడ చేత ఆ రెండు మాటల్నీ మళ్లీ చెప్పించాం. “సెతెంతా”లో త దగ్గర నాలుక కాస్త గట్టిగా కొట్టమన్నాం. ఫిర్యాదులు ఆగిపోయాయి.

తర్వాతది రాగం. “త్రెయింతా” ఒక ఫైలు, “ఇ” ఒక ఫైలు, “ఉనో” ఒక ఫైలు. స్టూడియోలో ఒక్కో మాటనీ విడిగా చదివిస్తే, ప్రతిదాని చివరా గొంతు కిందికి దిగుతుంది, మాట అయిపోయినట్టు. మూడూ అతికిస్తే మూడు వాక్యాలు చెప్పినట్టుంటుంది. ముప్ఫై. మరియు. ఒకటి. పైగా “ఇ” అనేది రెండు అచ్చుల మధ్య జారిపోయే శబ్దం, సంధి లాగా. త్రెయింతాయ్‌ఉనో అన్నట్టు వినబడాలి. స్పెయిన్ అకాడమీ వాళ్లు 2010 ఆర్థోగ్రఫీలో దాన్ని ఒకే మాటగా కలిపి రాసినా తప్పులేదన్నారు, నోట్లో అంత కలిసిపోతుంది కాబట్టే. మేం కత్తిరించి విడిగా పెట్టిన “ఇ” మాత్రం ఎక్కిళ్లలా ఉండేది.

చివరికి సిగ్గుపడటం మానేసి సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా అన్నీ రికార్డు చేయించాం. లెక్క చూడండి. అవి నూరు. 1, 21, 31 నుంచి 91 దాకా తొమ్మిది అంకెలకి ఉన్ రూపం, ఉనా రూపం అదనం, పద్దెనిమిది. సియెన్, సియెంతో రెండు. రెండు వందల నుంచి తొమ్మిది వందల దాకా మగ ఎనిమిది, ఆడ ఎనిమిది. మిల్, మియోన్, మియోనెస్, దె. మైనస్, పాయింటు, కామా. మొత్తం నూట నలభై మూడు. వీటిలో చాలావాటికి రెండు రాగాలు: మధ్యలో వచ్చేది, చివర్లో వచ్చేది. మధ్యదానికి గొంతు పైనే నిలబడాలి, చివరిదానికి దిగాలి. ఆ రాగం రావడానికి ఆవిడ చేత ఉత్త అంకె చదివించలేదు, “త్రెయింతా ఇ ఉన్ పెసోస్” అని వాక్యం చదివించి, అంకె ముక్కని కోసుకున్నాం. ప్రతి ఫైలుకీ ముందూ వెనకా ఉన్న నిశ్శబ్దం కత్తిరించాం. ఒక మధ్యాహ్నం రికార్డింగు, వారం రోజుల కత్తిరింపు. అదే మొదట్లో చేసి ఉంటే మూడు నెలలు మిగిలేవి.

పాయింటూ కామా రెండూ ఎందుకని అడుగుతున్నారు అక్కడ. మెక్సికోలో మూడున్నరని 3.5 అని రాసి “త్రెస్ పుంతో సింకో” అంటారు. స్పెయిన్‌లో, అర్జెంటీనాలో 3,5 అని రాసి “త్రెస్ కోమా సింకో” అంటారు. స్పానిష్ ఒకటే అనుకుంటే ఇలాగే కాలు జారుతుంది. “నొక్కండి” అనడానికి స్పెయిన్‌లో “పుల్సె” అంటే, మెక్సికోలో “మార్కె” అనో “ఒప్రిమా” అనో అంటారు. హ్యాష్ మీటకైతే ఊరికో పేరు. స్పెయిన్‌లో “అల్మొఆదియా”, చిన్న దిండు. కొలంబియాలో “నుమెరాల్”. మెక్సికోలో, చిలీలో “గాతో”, అంటే పిల్లి. “ఖాతా నంబరు నొక్కి తర్వాత పిల్లిని నొక్కండి.” స్పెయిన్ నుంచి ఎవరైనా వింటే ఏమనుకుంటారో. నెల మొదటి తారీఖు లాటిన్ అమెరికాలో “ప్రిమెరో”, మొదటిది. స్పెయిన్‌లో “ఉనో” అనే వాడుకే ఎక్కువ. ఐదుని మెక్సికోలో సింకో అంటే, మాడ్రిడ్‌లో నాలుక పళ్ల మధ్య పెట్టి థింకో అంటారు. ఒక గొంతులో సగం సింకో, ఇంకో గొంతులో సగం థింకో కలిపారంటే ఒకే వాక్యంలో ఇద్దరు మనుషులు మాట్లాడినట్టే.

ఫోన్ నంబర్లు చదివే తీరు ఇంకా వేరు. మెక్సికోలో పది అంకెలు, చాలామంది జంటలుగా చెబుతారు: యాభై ఐదు, పన్నెండు, ముప్ఫై నాలుగు, ఇలా. మొదట్లో మా ప్రాంప్టులో, అంటే మిషన్ వినిపించే రికార్డు వాక్యంలో, సెల్‌కి చేయాలంటే ముందు 044 కలపండి అని ఉండేది. 2019 ఆగస్టు 3 నుంచి అక్కడ ఆ ముందు అంకెలన్నీ తీసేశారు, ఎక్కడికైనా పది అంకెలే. ఆ ఒక్క వాక్యం తీయడానికి మళ్లీ ఆవిణ్నే వెతకాల్సొచ్చింది. గొంతు మారితే అతుకు తెలిసిపోతుంది కదా. దొరికారు, అదృష్టం.

ఇప్పుడు ఏఐ గొంతులు వచ్చాయి కదా, ఇదంతా ఎందుకని మీలో ఎవరో మనసులో అనుకుంటూనే ఉంటారు. నిజమే, కొత్తగా చేసేవాళ్లు ఫైళ్లు కోయక్కర్లేదు. “201 యమాదాస్” అని రాసిస్తే మంచి గొంతులు “దోసియెంతాస్ ఉనా” అనే చదువుతాయి. కానీ వస్తువు పేరు అంకె పక్కనే లేకపోతే? “ఎన్ని కాల్స్ వచ్చాయి? 201” అన్నప్పుడు? మిషన్ గొంతు ఏది ఎలా చదవాలో చెప్పడానికి ఎస్ఎస్ఎంఎల్ అనే ప్రమాణం ఉంది, అంకెల్ని ఎలా చదవాలో చెప్పే గుర్తులు అందులో ఉన్నాయి, 2004 నుంచీ. అంకెలుగా చదువు, ఫోన్ నంబరుగా చదువు అని చెప్పొచ్చు. ఆడగా చదువు అని చెప్పే చోటు ఆ ప్రమాణంలో లేదు. అందుకని నేను ఇప్పటికీ అంకెను గొంతుకి అంకెగా ఇవ్వను, మాటగా మార్చి ఇస్తాను. కంప్యూటర్లో అన్ని భాషల అక్షరాలకీ ప్రమాణం పెట్టే యూనికోడ్ వాళ్ల దగ్గర ఐసీయూ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీ ఉంది, అందులో అంకెల్ని మాటలుగా మార్చే సూత్రాలున్నాయి. స్పానిష్‌కి మగ వరస, ఆడ వరస, ఉత్త లెక్క వరస, మూడూ విడివిడిగా ఉంటాయి. మియోన్ పక్కన దె కోసం వాళ్ల బహువచన సూత్రాల్లో ప్రత్యేకంగా ఒక గదే కట్టారు. మేం మూడు నెలలు ఏడ్చింది అందులో ఒక్క ఫంక్షన్‌ని పిలిస్తే వస్తుంది. ఏడవాల్సిన భాగం మాత్రం అలాగే ఉంది. ఈ అంకె దేనిదో మీరే చెప్పాలి.

ప్రశ్నలుంటే అడగండి.

(తెలుగుకి ఇలా చేయాలంటే ఎన్ని ఫైళ్లు కావాలని సభలో ఒకరు అడిగారు.)

అడుగుతారనే అన్నాను కదా. నేను ఇంట్లో సరదాకి మొదలుపెట్టాను. తొంభై తొమ్మిది దాకా విడివిడిగా. ఒకటికి ఒకటి, ఒక, ఒక్క. వంద, నూట, వందలు, వందల. వెయ్యి, వేలు, వేల. లక్ష, లక్షలు, లక్షల. కోటి, కోట్లు, కోట్ల. అంతవరకూ స్పానిష్ కన్నా సుఖమే, వస్తువులకి మగా ఆడా గోల లేదు. ఆగిపోయింది ఎక్కడంటే, క్యూ దగ్గర. “మీ ముందు ఇంకా ఇంతమంది ఉన్నారు” అని చెప్పాలి కదా. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు. ఇక్కడ అంకెలన్నీ పూర్తిగా వేరే మాటలు. ఏడుగురు దాకా నిక్షేపంలా వెళ్లాను. ఎనిమిది దగ్గర మా అక్కని రికార్డు చేస్తుంటే ఆవిడ “ఎనిమిదిమంది” అంది, మా అమ్మ వంటింట్లోంచి “ఎనమండుగురు” అని అరిచింది. రెండూ టేపులో ఉన్నాయి. ఏది ఉంచాలో ఇంకా తేల్చలేదు. ఇక్కడున్నవాళ్లు చెప్పండి, చేతులెత్తండి. ఎనమండుగురు అనేవాళ్లెంతమంది?